మీ సీనియారిటీ తేదీ ఏది? విమానాశ్రయ ఉద్యోగుల ప్రశ్నలు, జవాబులు

అమెరికా విమానాశ్రయాల్లో ర్యాంపు మీద (విమానాలు ఆగి, సామాను ఎక్కించి దించే చోటు), టికెట్ కౌంటర్లలో, కార్గోలో పనిచేస్తున్న తెలుగువారి ఉత్తరాలకు ఈ నెల శీర్షిక కేటాయించాం. సగానికి సగం ఉత్తరాల్లో అడిగింది ఒకటే: "నా తర్వాత చేరినవాడికి మంచి షిఫ్టు ఎలా వచ్చింది?" దీనికి జవాబు మీ యూనియన్ ఒప్పందం పుస్తకంలో ఉంటుంది. గడువులు, రేట్లు ఒక్కో ఒప్పందంలో ఒక్కోలా ఉంటాయి కాబట్టి వాటిని మీ పుస్తకంలోనే చూసుకోవాలి. ఫెడరల్ చట్టం చెప్పే అంకెలు మాత్రం ఇక్కడే ఇచ్చాం.

ప్రశ్న: కౌంటర్‌లో ఏడాదిన్నర పనిచేసి, అదే కంపెనీలో ర్యాంపుకి మారి రెండేళ్లయింది. కంపెనీలో నాకంటే ఏడాది తర్వాత చేరినవాళ్లు షిఫ్టు బిడ్‌లో నా పైన ఉన్నారు. నా ఏడాదిన్నర ఏమైపోయింది? (ఒక పాఠకుడు, షికాగో)

ఎక్కడికీ పోలేదు, కానీ బిడ్‌లో, అంటే సీనియారిటీ వరసలో షిఫ్టులు ఎంచుకునే పద్ధతిలో, లెక్కకు రాదు. మీ పేరు మీద ఉన్నది ఒక తేదీ కాదు, సాధారణంగా మూడు. మొదటిది కంపెనీ సీనియారిటీ: మీరు కంపెనీలో అడుగుపెట్టిన రోజు. ఏడాదికి ఎన్ని వారాల సెలవు వస్తుందో, పాస్ మీద (కంపెనీ ఉద్యోగులకిచ్చే విమాన ప్రయాణ సౌకర్యం) ప్రయాణించేటప్పుడు వరసలో ఎక్కడ ఉంటారో చాలాచోట్ల ఈ తేదీయే తేలుస్తుంది. రెండోది వేతన తేదీ: జీతం ఏ మెట్టు మీద ఉందో, తర్వాతి మెట్టు ఎప్పుడో చెప్పేది. మూడోది వర్గ సీనియారిటీ, అంటే మీరు ర్యాంపు వర్గంలోకి వచ్చిన రోజు. షిఫ్టులు, వీక్లీ ఆఫ్‌లు, ఓవర్‌టైం, లేఆఫ్ అన్నీ ఈ మూడో తేదీ ప్రకారం నడుస్తాయి. కౌంటర్ వేరే వర్గం. అక్కడినుంచి ర్యాంపుకి వచ్చినప్పుడు మీరు ఆ జాబితాలో అట్టడుగున చేరారు. మీకంటే ఏడాది తర్వాత కంపెనీలో చేరినా, నేరుగా ర్యాంపులోకి వచ్చినవారి మూడో తేదీ మీకంటే ముందుది.

సెలవుల దగ్గర చాలామంది తికమకపడేది ఇందుకే. ఎన్ని వారాలు వస్తాయన్నది మొదటి తేదీ చెబుతుంది, ఏ వారాలు వస్తాయన్నది మూడో తేదీ. మూడు వారాల సెలవు హక్కుగా ఉన్నా, డిసెంబరు వారం మాత్రం రెండే వారాల హక్కున్నవాడికి దక్కవచ్చు. ఇందులో అన్యాయం లేదు, రెండు వేర్వేరు లెక్కలు అంతే.

కొన్ని ఒప్పందాల్లో పాత వర్గంలో సంపాదించిన సీనియారిటీని అక్కడే స్తంభింపజేసి ఉంచుతారు. వెనక్కి వెళ్తే పనికొస్తుంది. మీ పుస్తకంలో ఆ నిబంధన ఉందేమో చూడండి. ఉంటే లేఆఫ్ వచ్చినప్పుడు అదే మీకు రెండో దారి.

ఇక అసలు జాగ్రత్త. సీనియారిటీ జాబితాను ఏడాదికి ఒకటి రెండుసార్లు అంటిస్తారు, తప్పుంటే అభ్యంతరం చెప్పడానికి గడువిస్తారు. చాలా ఒప్పందాల్లో ఆ గడువు దాటితే జాబితాలో ఉన్నదే ఖాయం, గుమాస్తా పొరపాటైనా సరే. తప్పులు ఎక్కువగా దొర్లేది మూడు చోట్ల: జీతం లేని సెలవు నుంచి తిరిగొచ్చాక రోజులు ఎక్కువ తగ్గించడం, పార్ట్‌టైం నుంచి ఫుల్‌టైంకి మారినప్పుడు తేదీ మార్చేయడం, ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి బదిలీ అయినప్పుడు కొత్త స్టేషన్‌లో (విమానాశ్రయంలో) చేరిన తేదీని వేసేయడం. ఉద్యోగ నియామక పత్రం, బదిలీ ఉత్తరం, కొత్త వర్గంలో మొదటి జీతం చీటీ, ఈ మూడింటి ఫోటోలు ఫోన్‌లో ఉంచుకోండి. ఒకే రోజు చేరినవారి మధ్య ముందు వెనకలు తేల్చే పద్ధతి కూడా ఒప్పందంలోనే రాసి ఉంటుంది. కొన్నిచోట్ల వయసు, కొన్నిచోట్ల సోషల్ సెక్యూరిటీ నంబరు చివరి అంకెలు. మీ క్లాసులో పాతికమంది ఒకేరోజు చేరి ఉంటే ఈ చిన్న వాక్యమే ఇరవై ఏళ్లపాటు మీ శనివారాలను నిర్ణయిస్తుంది.

ప్రశ్న: మా కంపెనీ ఇంకోదానితో విలీనం అవుతుందంటున్నారు. మమ్మల్ని వాళ్ల జాబితా చివర అతికిస్తే? (డెన్వర్)

అలా చివర అతికించేయడానికి చట్టం ఒప్పుకోదు. 2007 చివర్లో వచ్చిన మెకాస్కిల్-బాండ్ చట్టం ప్రకారం రెండు ఎయిర్‌లైన్లు కలిసినప్పుడు జాబితాలను న్యాయంగా, సమంజసంగా కలపాలి. తేలకపోతే ఆర్బిట్రేషన్‌కి, అంటే తటస్థ మధ్యవర్తి తీర్పుకి, వెళ్లాలి. అయితే రెండు వైపులా ఉద్యోగులకు ఒకే యూనియన్ ఉంటే ఆ యూనియన్ సొంత విలీన నియమాలు వర్తిస్తాయి. కాబట్టి మీది ఏ యూనియనో, అవతలివారిది ఏదో ముందు తెలుసుకోండి. ఈలోగా మీ తేదీల్లో తప్పులుంటే ఇప్పుడే దిద్దించుకోండి. జాబితాలు కలిశాక దిద్దడం చాలా కష్టం, ఎందుకంటే మీరు ఒక మెట్టు పైకెక్కితే అవతలి కంపెనీ మనిషి ఒక మెట్టు దిగాలి.

ప్రశ్న: కొత్త షిఫ్టు బిడ్ వచ్చే నెల. 120 మందిలో నాది 94వ స్థానం. ఫారం ఎలా నింపితే మంచిది? పోయినసారి 15 లైన్లు రాస్తే ఒక్కటీ రాలేదు, మిగిలిపోయినదేదో ఇచ్చారు. (అట్లాంటా)

పోయినసారి జరిగినదానికి కారణం మీ ప్రశ్నలోనే ఉంది. లైన్ అంటే షిఫ్టు టైము, ఆఫ్ రోజులు, పని చోటు కలిపిన ఒక షెడ్యూలు. మీ ముందు 93 మంది ఎంచుకుంటారు. మీరు రాసిన 15 లైన్లూ వారిలో ఎవరో ఒకరు తీసుకునే అవకాశం చాలా ఎక్కువ. 94వ స్థానంలో ఉన్నవారు కనీసం 94 లైన్లు వరసపెట్టి రాయాలి. అన్ని రాస్తే ఏదో ఒకటి మీరు ఎంచుకున్న వరసలోనే తప్పక దక్కుతుంది, ఆ లైన్‌కి కావలసిన అర్హత మీకుంటే. తక్కువ రాస్తే మిగిలినది పర్యవేక్షకుడి చేతిలో పెట్టినట్టే.

ముందు లైన్ల షీటు ప్రింటు తీసుకోండి. ప్రతి లైన్ పక్కన నాలుగు విషయాలు రాసుకోండి: మొదలయ్యే టైము, వీక్లీ ఆఫ్ రోజులు, పని చోటు (గేటా, బ్యాగ్ రూమా, ట్రాన్స్‌ఫర్ బ్యాగులా, కార్గోనా), కావలసిన అర్హత (పుష్‌బ్యాక్, అంటే విమానాన్ని గేటు నుంచి వెనక్కి నెట్టడం; డీఐసింగ్, అంటే విమానం మీది మంచు తొలగించడం; లోడర్, అంటే కంటెయినర్లు ఎక్కించే యంత్రం నడపడం). అర్హత లేని లైన్లను కొట్టేయండి, లేదా బిడ్ అమల్లోకి వచ్చేలోగా శిక్షణ ఇస్తారా అని రాతపూర్వకంగా అడగండి. అర్హత లేకుండా కోరిన లైన్‌ను కంప్యూటర్ దాటేస్తుంది. దాటేసిందని మీకు చెప్పదు.

తర్వాత పోయిన బిడ్ ఫలితాలు చూడండి. శని ఆదివారాలు రెండూ ఆఫ్ ఉన్న చివరి లైన్ ఎన్నో ర్యాంకుకి దక్కింది? 40వ ర్యాంకుకి అయిపోయి ఉంటే మీకు వచ్చేది కల. అయినా రాయండి, రాస్తే నష్టమేమీ లేదు. ఈ పద్ధతిలో ఎత్తుగడలకు చోటు లేదు: మీ వంతు వచ్చేసరికి మిగిలినవాటిలో మీ జాబితాలో పైన ఉన్నదే మీకిస్తారు. "ఇది ఎలాగూ రాదు, కింద రాద్దాం" అనుకుని నిజంగా కావలసినదాన్ని కిందకు తోసేవాళ్లు అది మిగిలి ఉన్నా పోగొట్టుకుంటారు. మనసులో ఉన్న వరసే కాగితం మీద పెట్టండి.

వరస తేల్చుకోవడానికి మొదట ఒక్క ప్రశ్న వేసుకోవాలి: నాకు రోజులు ముఖ్యమా, టైము ముఖ్యమా? పిల్లల్ని బడి దగ్గర దించాల్సినవాళ్లకి తెల్లవారుజామున నాలుగింటి షిఫ్టు ఏ ఆఫ్ రోజులతో వచ్చినా పనికిరాదు. అలాంటివాళ్లు టైమును బట్టి గుంపులు చేసి, ఒక్కో గుంపులో ఆఫ్ రోజుల్ని బట్టి సర్దాలి. ఒంటరిగా ఉండేవాళ్లు దీన్ని తిరగేయవచ్చు.

పని చోటును తేలిగ్గా తీసుకోకండి. 737 గేటుల్లో బ్యాగులన్నీ విడివిడిగానే ఎక్కుతాయి. బిన్ (విమానం అడుగున ఉండే సామాను గది) లోపల నిలబడే ఎత్తు ఉండదు, మోకాళ్ల మీద కూర్చుని ఒక్కొక్కటీ పేర్చాలి. మామూలు బ్యాగు పరిమితి 23 కిలోలు, హెవీ ట్యాగు ఉన్నవి 32 దాకా ఉంటాయి. పెద్ద విమానాల గేటుల్లో సామాను చాలావరకు కంటెయినర్లలో వస్తుంది. ఒక ఎల్‌డీ-3 కంటెయినర్ నిండితే 1,588 కిలోల వరకు ఉండొచ్చు కానీ దాన్ని కదిలించేది లోడర్, మీ నడుము కాదు. బ్యాగ్ రూంలో ఎండావానా ఉండవు, నడక, ఎత్తడం మాత్రం ఆగవు. నలభై దాటినవారు లోడర్ అర్హత సంపాదించుకోవడం మంచి పెట్టుబడి.

బిడ్ అయిపోయాక ఒకటి గుర్తుపెట్టుకోండి. కంపెనీ మధ్యలో మీ షిఫ్టు మొదలయ్యే టైమును కొంత పరిమితి దాటి మార్చినా, ఆఫ్ రోజుల్ని మార్చినా, మళ్లీ బిడ్ పెట్టాల్సిందేనని చాలా ఒప్పందాలు చెబుతాయి. పరిమితి ఎన్ని నిమిషాలో మీ పుస్తకంలో షిఫ్టుల ఆర్టికల్‌లో ఉంటుంది.

ప్రశ్న: నలుగురు ఉన్న క్రూలో నన్నే రోజూ బిన్‌లోకి పంపుతున్నారు. లీడ్ (క్రూ పెద్ద) చెప్పింది చేయాలా? (హ్యూస్టన్)

బిడ్ మీకు లైన్‌నీ, ఎక్కువలో ఎక్కువ పని చోటునీ ఇస్తుంది. ఆ గేటులో ఎవరు బిన్‌లో, ఎవరు బెల్ట్ లోడర్ దగ్గర అన్నది చాలాచోట్ల లీడ్ నిర్ణయం. వంతులవారీగా తిప్పాలని మీ ఒప్పందంలో గానీ, స్టేషన్ ఒప్పంద పత్రంలో గానీ ఉంటే తప్ప గ్రీవెన్స్ (ఒప్పందం ఉల్లంఘించారన్న రాతపూర్వక ఫిర్యాదు) నిలవదు. ముందు లీడ్‌నే అడగండి: "బయల్దేరే విమానాలకు నేను, వచ్చేవాటికి ఇంకొకరు" లాంటి కచ్చితమైన ప్రతిపాదనతో అడిగితే చాలాసార్లు పని అవుతుంది.

పని చేయనని మాత్రం మొండికేయకండి. "ముందు చెయ్యి, తర్వాత గ్రీవెన్స్ వెయ్యి" అన్నది ఈ రంగంలో పాత సూత్రం. ఆజ్ఞ తప్పయినా సరే, ధిక్కరించినందుకు మీ మీద వేటు పడితే కాపాడటం కష్టం. మినహాయింపు ఒక్కటే, ప్రాణాపాయం. ఇంజన్లు ఆగలేదు, బీకన్ లైటు (ఇంజన్లు నడుస్తున్నాయని హెచ్చరించే దీపం) ఇంకా తిరుగుతోంది, చక్రాలకు చాక్‌లు (కదలకుండా ఆపే దిమ్మలు) పెట్టలేదు, మెరుపుల వల్ల ర్యాంపు మూసేశారు. ఇలాంటప్పుడు "ఈ కారణంగా ఇది ప్రమాదం, ఇది తీరగానే చేస్తాను, ఈలోగా వేరే పని చెప్పండి" అని ఈ మూడు ముక్కలూ స్పష్టంగా అనండి. ఊరికే "చేయను" అంటే అది ధిక్కారం, ఇలా అంటే భద్రత.

లీడ్ రాని రోజు మీరే క్రూని నడిపించారా? లీడ్‌కిచ్చే అదనపు రేటు ఆ గంటలకు మీకు రావాలని చాలా ఒప్పందాల్లో ఉంటుంది. ఆ రోజే టైంకార్డులో కోడ్ వేయించండి. నెల తర్వాత అడిగితే సాక్ష్యం ఉండదు.

ప్రశ్న: పోయిన వారం 52 గంటలు చేశాను. 40 దాటిన 12 గంటలకు ఒకటిన్నర రెట్లు రాలేదు. ఫెడరల్ చట్టం ఉంది కదా? (డాలస్)

ఆ చట్టం ఉంది, మీకు వర్తించదు. 1938 నాటి ఫెయిర్ లేబర్ స్టాండర్డ్స్ చట్టంలోనే ఎయిర్‌లైన్ ఉద్యోగులకు ఓవర్‌టైం నిబంధన నుంచి మినహాయింపు ఉంది. రైల్వే లేబర్ యాక్ట్ (రైల్వేలకూ ఎయిర్‌లైన్లకూ వర్తించే కార్మిక చట్టం) కిందకు వచ్చే ఎయిర్‌లైన్‌లో పనిచేసేవారికి 40 గంటల సూత్రం పనిచేయదు. కనీస వేతనం మాత్రం వర్తిస్తుంది. మీ ఓవర్‌టైం హక్కు అంతా ఒప్పందంలోనిదే. సాధారణంగా అది షిఫ్టు గంటలు దాటితే, లేదా ఆఫ్ రోజున కంపెనీ పిలిస్తే వస్తుంది. ఇంకొకరితో షిఫ్టు మార్చుకుని చేసిన గంటలకు రాదు. మీ 12 గంటలు స్నేహితుడి షిఫ్టు తీసుకుని చేసినవైతే మామూలు రేటే సరైనది.

మీరు ఎయిర్‌లైన్‌లో కాక కాంట్రాక్టు కంపెనీలో ర్యాంపు పని చేస్తుంటే లెక్క మారవచ్చు. ఆ కంపెనీ రైల్వే లేబర్ యాక్ట్ కిందకు వస్తుందా, మామూలు కార్మిక చట్టం కిందకా అన్నది ఎయిర్‌లైన్ దానిమీద ఎంత అదుపు చేస్తుందో చూసి, కేసు కేసుకీ తేలుస్తారు. రెండోదైతే 40 దాటిన ప్రతి గంటకూ ఒకటిన్నర రెట్లు మీ హక్కు.

ఓవర్‌టైంలో ఎక్కువ గొడవలు వచ్చేది రేటు దగ్గర కాదు, ఎవరిని పిలవాలన్న దగ్గర. స్వచ్ఛందంగా చేస్తామన్నవారిలో సీనియర్ ముందు (కొన్నిచోట్ల ఇప్పటివరకు తక్కువ గంటలు చేసినవారు ముందు), ఎవరూ రాకపోతే ఆ షిఫ్టులో ఉన్న జూనియర్‌ని తప్పనిసరిగా ఆపుతారు. మిమ్మల్ని దాటేసి మీ కింది వారిని పిలిస్తే, పేరు నమోదు చేసుకున్న షీటు ఫోటో, పిలిచిన టైము, చేసినవారి పేరు, ఈ మూడూ ఉంటే దాటేసిన గంటల జీతం రాబట్టవచ్చు. పేరు నమోదు చేయనివాడికి ఏమీ రాదు.

అందరం కలిసి ఓవర్‌టైం మానేద్దామని ఎవరైనా అంటే ఆ జోలికి పోకండి. ఒప్పంద చర్చలు నడుస్తుండగా అలా మూకుమ్మడిగా చేయడం చట్టవిరుద్ధం. 1999లో ఒక పెద్ద ఎయిర్‌లైన్ పైలట్లు ఇలాగే అనారోగ్యం పేరు చెప్పి మానేస్తే, కోర్టు ఉత్తర్వును ధిక్కరించినందుకు వారి యూనియన్ మీద సుమారు 4.5 కోట్ల డాలర్ల జరిమానా పడింది.

ప్రశ్న: గుంటూరులో అమ్మకు ఆపరేషన్. ఆరు వారాలు వెళ్లాలి. నేను పార్ట్‌టైం, వారానికి 24 గంటలు. ఎఫ్‌ఎంఎల్‌ఏ సెలవు వస్తుందా? సీనియారిటీ పోతుందా? (ఒక పాఠకురాలు, సియాటిల్)

ఎఫ్‌ఎంఎల్‌ఏ అంటే కుటుంబ, వైద్య అవసరాలకు జీతం లేని సెలవిచ్చే ఫెడరల్ చట్టం. అమ్మ కాబట్టి చట్టం ఒప్పుకుంటుంది. అత్తగారైతే మీకు ఫెడరల్ చట్టం కింద ఈ సెలవు రాదు, మీ భర్తకు తన ఉద్యోగంలో వస్తుంది. ఈ తేడా తెలియక మన కుటుంబాల్లో చాలామంది తప్పు మనిషి పేరు మీద దరఖాస్తు పెడుతున్నారు.

షరతులు మూడు. కంపెనీలో 12 నెలలు పూర్తవ్వాలి. మీ పనిచోటుకి 75 మైళ్లలోపు కంపెనీకి 50 మంది ఉద్యోగులు ఉండాలి. గడిచిన 12 నెలల్లో 1,250 గంటలు నిజంగా పనిచేసి ఉండాలి. మీ చిక్కు ఈ మూడోదాంట్లోనే. 24 గంటల చొప్పున 52 వారాలకు 1,248 గంటలు. అంటే ఏడాదంతా ఒక్కరోజు మానకపోయినా రెండు గంటలు తక్కువ. పైగా సెలవు రోజులు, సిక్ లీవు గంటలు, జీతం వచ్చినా సరే, ఇందులో లెక్కకు రావు. మీరు ఇంకొకరికి ఇచ్చేసిన షిఫ్టులు పోతాయి. తీసుకుని చేసినవి కలుస్తాయి. ఇప్పుడే మీ గంటల లెక్క హెచ్‌ఆర్‌లో అడగండి. తక్కువైతే, ప్రయాణం లోపు కొన్ని షిఫ్టులు తీసుకుంటే సరిపోవచ్చు. లెక్క చూసేది సెలవు మొదలయ్యే రోజున, దరఖాస్తు పెట్టిన రోజున కాదు.

దరఖాస్తు పెట్టాక మీకు అర్హత ఉందో లేదో కంపెనీ 5 పనిదినాల్లో చెప్పాలి. డాక్టరు సర్టిఫికెట్ అడిగితే తేవడానికి మీకు కనీసం 15 రోజులు ఇవ్వాలి. గుంటూరు డాక్టరు రాసిచ్చినది చెల్లదంటే నమ్మకండి. కుటుంబ సభ్యులు వేరే దేశంలో ఉంటే అక్కడి డాక్టరు సర్టిఫికెట్‌ను కంపెనీ ఒప్పుకోవాలని నిబంధనల్లోనే ఉంది. అది తెలుగులో ఉండి వాళ్లడిగితే ఇంగ్లీషు అనువాదం మీరు ఇవ్వాలి. కాబట్టి ఫారంను ముందే పంపించి ఇంగ్లీషులోనే నింపించండి. "తల్లికి సహాయం కావాలి" అని రాస్తే తిప్పి పంపుతారు. ఏ రోజు నుంచి ఏ రోజు వరకు, ఏ పనులకు మనిషి తోడు అవసరమో డాక్టరు రాయాలి.

ఏడాదికి 12 వారాల వరకు ఈ సెలవు వస్తుంది, జీతం రాదు. ఈ రోజులకు గైర్హాజరు పాయింట్లు వేయకూడదు. ఆరోగ్య బీమా కొనసాగుతుంది కానీ మీ వాటా ప్రీమియం మీరు కట్టాలి. 30 రోజులు దాటి ఆలస్యమైతే నోటీసు ఇచ్చి తీసేయవచ్చు. వెళ్లేముందే ఆన్‌లైన్‌లో కట్టే ఏర్పాటు చేసుకోండి. ఈ సెలవులో సీనియారిటీ పోదు. ఆ ఆరు వారాలూ దానికి కలుస్తాయా లేదా అన్నది ఒప్పందం చెబుతుంది.

అర్హత రాకపోతే ఒప్పందంలోని వ్యక్తిగత సెలవు అడగాలి. దానికి కంపెనీ ఒప్పుకోవాలి. చాలా ఒప్పందాల్లో కొన్ని రోజులు దాటాక సీనియారిటీ పెరగడం ఆగిపోతుంది. గ్రీన్ కార్డు మీద ఉన్నవారు ఇంకొకటి చూసుకోవాలి: ఆరు నెలలకు మించి దేశం బయట ఉంటే పౌరసత్వానికి లెక్కించే నివాసం తెగినట్టు భావిస్తారు. ఏడాది దాటేలా ఉంటే రీఎంట్రీ పర్మిట్ ముందే తీసుకోవాలి.

ప్రశ్న: అమ్మానాన్నల్ని, అత్తమామల్ని పాస్ మీద రప్పించాలని ఉంది. పన్ను పడుతుందా? (న్యూవార్క్)

మీ సొంత తల్లిదండ్రుల విమాన ప్రయాణానికి ఆదాయపు పన్ను చట్టంలో ప్రత్యేక మినహాయింపు ఉంది, అది మీరే ప్రయాణించినట్టు లెక్క. అత్తమామలకు ఆ మినహాయింపు లేదు. కంపెనీ వారికి పాస్ ఇచ్చినా దాని విలువ మీ జీతంలో కలిపి పన్ను వేస్తారు. స్నేహితుల పాసులూ అంతే.

పన్ను కంటే పెద్ద సమస్య స్టాండ్‌బై, అంటే సీటు ఖాళీగా మిగిలితేనే ఎక్కనివ్వడం. పెద్దవాళ్లు మధ్యలో ఏదో దేశంలో ఇరుక్కుంటే భాష తెలియక, మందులు చెక్-ఇన్ బ్యాగులో ఉండి అవస్థపడతారు. వేసవి సెలవులు, డిసెంబరు వదిలేయండి. దిగి మారాల్సిన దేశానికి ట్రాన్సిట్ వీసా కావాలో ముందే చూడండి. మందులు చేతి సంచిలోనే ఉంచండి. తిరుగు ప్రయాణానికి డబ్బిచ్చి టికెట్ కొనగలిగే సొమ్ము పక్కన పెట్టుకోండి. పాసును ఎవరికైనా అమ్మడం, డబ్బు తీసుకుని ఇవ్వడం ఉద్యోగం పోగొట్టే తప్పు. ఇందులో యూనియన్ కూడా పెద్దగా ఏమీ చేయలేదు.

ప్రశ్న: టెక్సస్ "రైట్ టు వర్క్" రాష్ట్రం కదా, యూనియన్ చందా కట్టకపోతే ఏం? (ఫోర్ట్‌వర్త్)

యూనియన్ చందాను ఉద్యోగానికి షరతు చేయకూడదనే ఆ రాష్ట్ర చట్టం ఎయిర్‌లైన్లకు వర్తించదు. రైల్వే లేబర్ యాక్ట్‌కి 1951లో చేసిన సవరణ, రాష్ట్ర చట్టం ఏం చెప్పినా, యూనియన్ షాప్ నిబంధన (ఉద్యోగులంతా యూనియన్ చందా కట్టాలన్నది) పెట్టుకోవడానికి అనుమతిస్తుంది. మీ ఒప్పందంలో అది ఉంటే, చేరిన 60 రోజుల తర్వాత చందా కట్టకపోవడం ఉద్యోగం పోవడానికి కారణం కావచ్చు. 2018లో సుప్రీంకోర్టు ఇచ్చిన జేనస్ తీర్పు (బలవంతపు యూనియన్ చందా చెల్లదన్నది) ప్రభుత్వోద్యోగులకు సంబంధించింది, మీకు కాదు. బేరసారాలకు సంబంధం లేని ఖర్చులకు మాత్రం అభ్యంతరం రాసిచ్చి ఆ భాగం తగ్గించుకోవచ్చు. అప్పుడు సభ్యత్వం ఉండదు, కొత్త ఒప్పందం మీద ఓటూ ఉండదు. మా అభిప్రాయం అడిగితే, ఏడాదికి మిగిలే ఆ కాస్త సొమ్ముకి ఓటు వదులుకోవడం దండగ.

ప్రశ్న: మా ఒప్పందం గడువు దాటి రెండేళ్లు. కొత్తది లేదు. సమ్మె ఎందుకు చేయరు? (శాన్‌ఫ్రాన్సిస్కో)

ఎయిర్‌లైన్ ఒప్పందాలకు గడువు తీరడం ఉండదు. ఒక తేదీ నుంచి సవరించుకోవచ్చు, అంతే. 1926 నాటి రైల్వే లేబర్ యాక్ట్‌ను 1936లో ఎయిర్‌లైన్లకు వర్తింపజేశారు; రవాణా ఆగకూడదన్నదే దాని ఉద్దేశం. కొత్తది కుదిరేదాకా పాత నిబంధనలన్నీ ఇరువైపులా కట్టుబడి ఉండాలి. చర్చలు తేలకపోతే నేషనల్ మీడియేషన్ బోర్డు రాజీ కుదర్చడానికి వస్తుంది. దీనికి కాలపరిమితి లేదు, ఇక్కడే ఏళ్లు గడిచిపోతాయి. ఇక లాభం లేదని బోర్డు అనుకుంటే ఆర్బిట్రేషన్ ఇవ్వజూపుతుంది. ఏ పక్షం కాదన్నా 30 రోజుల విరామం మొదలవుతుంది. అది అయ్యాకే సమ్మె. అప్పటికీ అధ్యక్షుడు అత్యవసర బోర్డు వేస్తే నివేదికకు 30, ఆ తర్వాత ఇంకో 30 రోజులు ఆగాలి.

పాత తేదీ నుంచి బకాయిలు వాటంతటవే రావు, వాటినీ బేరమాడి తెచ్చుకోవాలి. ఓటు వేసేటప్పుడు కొత్త గంట రేటు ఒక్కటే చూడకండి. పార్ట్‌టైం వారి శాతం మీద పరిమితి, పని కాంట్రాక్టు కంపెనీలకు ఇవ్వకుండా కాపాడే స్కోప్ నిబంధన, ఎన్ని ఊళ్లలో మీ వర్గం పని హామీగా ఉందో చూడండి. స్టేషన్ మూసేశాక ఎంత రేటున్నా ఉపయోగం లేదు.

ప్రశ్న: ఆఫీసుకి పిలిచి విచారిస్తామన్నారు. స్టీవర్డ్‌ని (యూనియన్ ప్రతినిధిని) అడగవచ్చా? గ్రీవెన్స్ ఎలా రాయాలి? (షార్లట్)

అడగండి, గట్టిగా అడగండి. అయితే ఇతర పరిశ్రమల్లో చట్టమిచ్చే వైన్‌గార్టెన్ హక్కు (విచారణలో యూనియన్ ప్రతినిధిని వెంట ఉంచుకునే హక్కు) వేరే కార్మిక చట్టం నుంచి వచ్చింది. ఎయిర్‌లైన్లలో ఆ రక్షణ మీ ఒప్పందంలోని క్రమశిక్షణ ఆర్టికల్ నుంచి రావాలి. ఆ ఆర్టికల్ నంబరు గుర్తుంచుకుని అడగండి. స్టీవర్డ్ వచ్చేదాకా ఏ కాగితం మీదా వాంగ్మూలం రాయకండి. రాయాల్సిందేనని ఆజ్ఞాపిస్తే, "ఆజ్ఞ మేరకు, స్టీవర్డ్ లేకుండా రాస్తున్నాను" అని మొదటి వాక్యంగా రాసి, జరిగింది మాత్రమే నాలుగు ముక్కల్లో రాయండి. అబద్ధం ఒక్కటి కూడా వద్దు. అసలు తప్పుకి హెచ్చరికతో పోయేది, అబద్ధానికి ఉద్యోగం పోతుంది.

గ్రీవెన్స్‌లు ఓడేది ఎక్కువగా ఆలస్యం వల్ల. గడువు రోజులు తక్కువ, అవి జరిగిన రోజు నుంచో మీకు తెలిసిన రోజు నుంచో లెక్క. మేనేజర్ "చూద్దాం, మాట్లాడదాం" అంటుండగానే గడువు దాటిపోతుంది. మాట్లాడుతూనే కాగితం వేసేయండి.

రాసేటప్పుడు కోపం వద్దు, వివరం కావాలి. తేదీ, టైము, గేటు, ఫ్లైట్ నంబరు, ఎవరు ఏం చేశారు, ఏ ఆర్టికల్ ఏ పేరా ఉల్లంఘన ("ఇంకా వర్తించే ఇతర ఆర్టికల్స్" అని చేర్చండి), చివర మీకేం కావాలి. ఈ ఆఖరిది మర్చిపోతారు. "న్యాయం చేయాలి" అంటే ఏమీ రాదు. "నాలుగు గంటల ఓవర్‌టైం రేటు చెల్లించి, నష్టం పూర్తిగా భర్తీ చేయాలి" అని రాయండి.

స్టేషన్‌లో తెగకపోతే పై మెట్టుకి, చివరికి సిస్టం బోర్డుకి వెళ్తుంది. అక్కడ కంపెనీ, యూనియన్ సభ్యులతో పాటు తటస్థ ఆర్బిట్రేటర్ కూర్చుంటారు. ఆ తీర్పు ఖాయం, కోర్టులు దాదాపు ఎప్పుడూ వేలు పెట్టవు. గ్రీవెన్స్ యూనియన్ సొత్తు, దాన్ని బోర్డు దాకా తీసుకెళ్లాలా వద్దా అన్నది వారి నిర్ణయం. ఓడుతుందని నిజాయితీగా అనుకుని వదిలేస్తే తప్పు పట్టలేం. పక్షపాతంతోనో, చదవకుండానో పడేస్తే అది న్యాయమైన ప్రాతినిధ్యం అనే బాధ్యతను ఉల్లంఘించడమే. దావా వేయడానికి సాధారణంగా 6 నెలలే గడువు.

ప్రశ్న: నడుం దెబ్బతింది. తేలిక పని ఉన్న లైన్ సీనియారిటీతో సంబంధం లేకుండా ఇవ్వమని అడగవచ్చా? (ఫీనిక్స్)

అడగవచ్చు, రావడం కష్టం. ఎయిర్‌లైన్ కార్గో ఉద్యోగి ఒకరికి నడుం దెబ్బతిని మెయిల్ రూంకి మారాక, సీనియర్లు అదే చోటు బిడ్ చేశారు. ఆ కేసులో సుప్రీంకోర్టు 2002లో చెప్పింది: సీనియారిటీ పద్ధతిని పక్కనపెట్టి చోటివ్వడం మామూలుగా, వైకల్యం ఉన్నవారికి చట్టం కోరే సమంజసమైన సర్దుబాటు కాదు, ప్రత్యేక పరిస్థితి ఉందని ఉద్యోగి చూపించాలి. కంపెనీ తరచూ మినహాయింపులిస్తోందని చూపితే అది అలాంటి పరిస్థితి. అందుకే లైన్ అడగకండి, సీనియారిటీకి తగలని సర్దుబాట్లు అడగండి: బిన్‌లోకి పంపకపోవడం, ఎత్తే బరువుకి పరిమితి, ఖాళీగా ఉన్న చోటు, మీ ర్యాంకుకి వచ్చే లైన్లలోనే డాక్టరు ఒప్పుకున్నది. దెబ్బ పనిలో తగిలితే అదే రోజు రాతపూర్వకంగా తెలపండి. "రేపు తగ్గిపోతుందిలే" అని ఆగితే, అది ఇంట్లో తగిలిన దెబ్బ అనడానికి బీమా కంపెనీకి అదే ఆధారం.